ఉతికి ఆరేసిన బ్రేకు

మా కారు డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగినప్పుడు నేను చేసిన మొదటి మరమ్మతు, దాని మీద బొట్టుబిళ్ళ అంటించడం. మెరూన్ రంగుది, కాస్త పెద్ద సైజు. లైటుకి కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇంజను బాగానే తిరుగుతోంది, బ్రేకు తొక్కితే బండి ఆగుతోంది, ఏసీ చల్లగానే ఊదుతోంది. ఇన్ని పనులు సవ్యంగా జరుగుతుంటే ఒక్క లైటు కోసం మనసు పాడుచేసుకోవడం ఎందుకనిపించింది. ఆఫీసులో నా మీద పసుపు లైటులా వెలిగే పెద్దమనిషి ఒకడున్నాడు. అతని మీద బొట్టుబిళ్ళ అంటించే వీలు లేదు. ఇక్కడ ఆ వీలుంది కదా అని వాడుకున్నాను.

మా దీవిలో మా ఇల్లు పల్లె వైపు తుష్నాబాద్‌లో, ఆఫీసు టౌన్లో డెలానీపూర్‌లో. ఈ రెంటికీ మధ్య నేను చాలా ఏళ్ళు బస్సులో తిరిగాను. మా బస్సులో ఎక్కడమంటే ఎక్కడం కాదు, ఎక్కించబడటం. ఒక పక్క పచ్చి వక్కల గోనె, ఇంకో పక్క చేపల బుట్ట, వెనక నుంచి ఎవరిదో టిఫిన్ డబ్బా వీపులో గుచ్చుతూ ఉంటుంది. ఆఫీసుకి చేరేసరికి నా చీర నుంచి వచ్చే వాసనని బట్టి ఆ రోజు ఏ చేప పడిందో మా సెక్షన్ అంతా చెప్పేసేది. నా జీతంలోంచి మిగుల్చుకుని సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న రోజున ఆ బస్సు వెనకాలే కావాలని కొంత దూరం వెళ్ళి, తర్వాత హారన్ కొట్టి మరీ దాటాను.

ఆ కారు నాకు ఏమిటో చెప్పాలంటే, ఇంట్లో నేను కోడలిని, ఆఫీసులో గుమాస్తాని, ఆ రెంటి మధ్య దారిలో మాత్రమే నేను నేను. అద్దాలు ఎత్తేసి పాడుకుంటాను. ఎవరినైనా తిట్టాలనుంటే పేరుపెట్టి తిట్టుకుంటాను. ఆ గంట లేకపోతే మిగతా రోజంతా నేను ఇంత మంచిగా ఉండలేను. మంచిగా ఉన్నానని ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

బొట్టుబిళ్ళ కొన్ని వారాలు నిలబడింది. వేసవి మధ్యలో ఒక సాయంత్రం ఎక్కడి నుంచో ఒక జల్లు పడి ఆగింది. ఎండకి కాగిన రోడ్డు మీద మొదటి జల్లు పడితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, సబ్బు రాసినట్టుంటుంది. మా ఊరి దిగుడులో మలుపు తిరిగేసరికి రోడ్డు నడిమధ్య ఒక ఆవు నిలబడి ఉంది. బ్రేకు తొక్కాను. చక్రాలు టక్కున బిగిసిపోయాయి. కారు ఆగలేదు, జారింది. నేను స్టీరింగ్ కుడికి తిప్పాను, అది నా మాట వినకుండా ఎడమకి అడ్డంగా తిరిగి, వక్క చెట్ల తోట అంచున మట్టిలో కూరుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవు నమలడం కూడా ఆపలేదు.

తోటవాళ్ళు బండిని తోసి రోడ్డెక్కించి, నేను ఇంటికి చేరేలోగా సంగతి చేరిపోయింది. మా ఊళ్ళో ఫోన్లకి సిగ్నల్ సరిగా ఉండదు గానీ ఇలాంటి వాటికి ఉంటుంది. మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయనకి ఓడలో ఉద్యోగం, దీవుల మధ్య జనాన్ని తిప్పే ఓడకి చుక్కాని పడతాడు. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే. అంత పెద్ద ఓడని నడిపే మనిషికి కారు నడపడం రాదు. నేర్చుకోమంటే, రోడ్డు మరీ ఇరుగ్గా ఉంటుందంటాడు. ఆ రోజు కారు తలుపు తీసి నా సీట్లో కూర్చుని, తాళం తిప్పి, డాష్‌బోర్డు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గోరుతో బొట్టుబిళ్ళ పీకాడు. పసుపు లైటు దేదీప్యమానంగా వెలిగింది.

“దీనికి బొట్టెట్టినావేటే?” అన్నాడు.

పెళ్ళయినాక ఆయన గొంతు అంత నెమ్మదిగా నేనెప్పుడూ వినలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, సమంగా సరిపోయేది. ఆయన అరవలేదు. కారు అమ్మేద్దామన్నాడు. ఆస్టినాబాద్‌లో ఉండే వాళ్ళ పెదనాన్న కొడుకు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం, నువ్వు మళ్ళీ బస్సులో వెళ్ళు అన్నాడు. నేను ఊరుకుంటానా. ఓడలో మాత్రం బ్రేకులున్నాయా అన్నాను. ఓడకి బ్రేకులుండవు, అందుకే మేం ఎదురుగా ఉన్నదాన్ని మైలు ముందు నుంచే చూసుకుంటాం అన్నాడు. ఆవుని మైలు ముందు నుంచి చూడాలంటే రోడ్డు మీద లైట్‌హౌస్ కట్టించు అన్నాను. ఇలా భోజనాల వేళ దాకా సాగింది. చివరికి తేలింది ఏమిటంటే, ఆయన ఆ వారం నికోబార్ వైపు వెళ్తున్నాడు. తిరిగొచ్చేలోగా లైటు దానంతట అది ఆరితే కారు నాది. ఆరకపోతే ఆస్టినాబాద్ తమ్ముడిది. బొట్టుబిళ్ళలు లెక్కలోకి రావు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను తన చిన్న యంత్రాన్ని స్టీరింగ్ కింద గుచ్చి, దాని తెర మీద కనబడ్డది చూసి నిట్టూర్చాడు. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా పట్టీ వదిలీ, పట్టీ వదిలీ చూసుకునే డబ్బా ఒకటుంటుందట. అది పనిచేస్తే తడి రోడ్డు మీద కూడా బండి స్టీరింగ్ మాట వింటుంది. మా కారులో ఆ డబ్బా కిందిభాగం, అంటే పంపు, బాగానే ఉంది. పైన అతికించిన మెదడు మాత్రం పోయింది. ఉప్పుగాలి దీదీ, ఇక్కడ మనుషుల మెదళ్ళే నిలవట్లేదు అన్నాడు. కొత్త మెదడు చెన్నై నుంచి రావాలి. వచ్చినా అతను వెంటనే బిగించలేడు, షెడ్డు నిండా గవర్నమెంటు జీపులున్నాయి, వాటి వంతు అయ్యాకే నాది. నేను గొడవపడ్డాను. అతను విసుగెత్తి, నాలుగు స్క్రూలే కదా దీదీ, అంత తొందరుంటే మీరే బిగించుకోండి అన్నాడు. వెటకారంగానే అన్నాడని నాకు తెలుసు. అయినా ఆ మాటని నేను ఆఫీసు ఆర్డరులా తీసుకున్నాను.

మా దీవుల్లో ఎవరైనా మెయిన్‌ల్యాండ్ వెళ్తున్నారంటే వాళ్ళ ప్రయాణం వాళ్ళది కాదు. వెళ్ళేటప్పుడు ఎండుచేపలూ వక్కలూ మోసుకెళ్ళాలి, వచ్చేటప్పుడు ఊరందరి సామానూ తేవాలి. కుక్కర్ వాషర్, కళ్ళజోడు, కుట్టుమిషన్ బెల్టు, పెళ్ళికూతురు జాకెట్టు, ఏదైనా సరే. మా ఆఫీసులో సీనియర్ దీదీ ఒకావిడ అప్పుడు చెన్నైలో ఉంది. ఫోన్ చేసి, దీదీ, తిరిగొచ్చేటప్పుడు నాకో బ్రేకు మెదడు తీసుకురావాలి అన్నాను. అటు నుంచి ఆవిడ ఆశ్చర్యం కూడా పడలేదు, బరువెంత అని మాత్రం అడిగింది. మెకానిక్ తనకి తెలిసిన దుకాణానికి నంబరు చెప్పాడు, దుకాణంవాడు దాన్ని ఆవిడ దిగిన లాడ్జికి చేర్చాడు, ఆవిడ దాన్ని పట్టుచీరల మధ్య పెట్టి ఓడెక్కింది. విమానమంటే ఆవిడకి భయం. పైగా విమానంవాళ్ళు అంత సామాను ఒప్పుకోరు.

ఓడ వచ్చింది. దీదీ మర్నాడు ఆఫీసుకి వస్తూ సంచి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అడుగున నల్లగా, బిస్కెట్ ప్యాకెట్ అంత ప్లాస్టిక్ డబ్బా. ఒక వైపు పెద్ద సాకెట్, దాని లోపల సన్నటి ఇత్తడి రంగు పిన్నులు వరసగా. ఇంకో వైపు గుండ్రటి రాగి చుట్టలు. ఇంత చిన్నదానికి ఇంత రభసా అనుకున్నాను. సంచి కాస్త తేమగా ఉంది, ఓడ కింది డెక్కులో ఎవరి పక్కబట్టలో నీళ్ళలో తడిశాయట, దీదీ సంచి కూడా వాటి పక్కనే ఉందట. డబ్బా మాత్రం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. సంచితో సహా ఇంటికి తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టాను. ఆదివారం బిగిద్దామనుకుని మర్నాడు మామూలుగా ఆఫీసుకెళ్ళాను. చేసిన తప్పు అదే.

ఇక్కడ మా మావయ్య సంగతి చెప్పాలి. మా అత్తింటివాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. మావయ్య కుర్రతనంలోనే ఇక్కడికొచ్చి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ డింగీ పడవ మీద చేపలు పట్టాడు. ఇప్పుడు భుజం లేవదు, ఇంట్లోనే ఉంటాడు. వేట మానేశాడు గానీ వేట నేర్పిన పని ఒకటి మానలేదు. ఉప్పునీటి మీద నుంచి వచ్చిన ఏ ఇనప సామానునైనా ఇంట్లోకి తెచ్చేముందు మంచినీళ్ళతో కడగాలి, గుడ్డతో తుడవాలి, నూనె రాయాలి. డింగీ ఇంజనుకి రోజూ అలా స్నానం చేయించేవాడట. వాళ్ళ పిల్లలకి అంత శ్రద్ధగా చేయించలేదని మా అత్తయ్య బతికున్నప్పుడు చెప్పేది. ఈ నియమానికి మినహాయింపులు లేవు. మా పెళ్ళికి ఓడలో వచ్చిన ఇనప బీరువాని లోపలి అరలతో సహా కడిగాడు. టేబుల్ ఫ్యాను కడిగాడు. మా ఆడపడుచు మెయిన్‌ల్యాండ్ నుంచి పంపిన గ్రైండరుని కడిగి, నూనె రాసి, ఇడ్లీలకి వారంపాటు కొబ్బరినూనె రుచి తెప్పించాడు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి పెరట్లో దండెం మీద మా ఆయన లుంగీకీ నా లంగాకీ మధ్య, చిరిగిన వల ముక్కలో మూటకట్టి, నల్లటి డబ్బా వేలాడుతోంది. కింద మట్టిలో చుక్కలు చుక్కలుగా తడి. దగ్గరికెళ్ళి చూశాను. నూనెతో నిగనిగలాడుతోంది. పిన్నులుండే సాకెట్ నిండా బోటు ఇంజనుకి పట్టించే గ్రీజు కూరి, పైన వేలితో చదును చేసి ఉంది. శ్రద్ధగా, పుట్టినరోజు కేకుకి చేసినంత నునుపుగా.

పెరడు దద్దరిల్లేలా అరిచాను. మావయ్య అరుగు మీద కూర్చుని, నేను ఎందుకు అరుస్తున్నానో నిజంగానే అర్థం కాక, నా వైపు చూస్తున్నాడు.

“ఉప్పు తగిలీసిన సామాను కడక్కుండా లోన ఎట్టీసుకుంతారేటమ్మా?” అన్నాడు. “సంచీ వాసన సూసినాను. సముద్రమే.”

“అది కరెంటుది మావయ్యా. నీళ్ళు తగిల్తే ఖతం.”

“నుయ్యి నీల్లు కూడా కాదు. తాగే నీల్లు. నాను పొద్దున తానం మానీసి, ఆ బకెట్టు దీనికే పోసినాను.”

అది నిజం. ఆ వేసవిలో మా నుయ్యి అడుగంటి బురద వస్తోంది. కొళాయి రోజు విడిచి రోజు, అది కూడా కాసేపు. పట్టిపెట్టుకున్న నీళ్ళని మనిషికింత అని పంచుకుంటున్నాం. ఆయన తన వంతు నీళ్ళు నా డబ్బాకి పోశాడు. ఇంత కోపంలో ఆ మాట వినాల్సి రావడం నాకు అన్యాయంగా తోచింది. ఒక మనిషి మన కొంప ముంచి, అది కూడా ప్రేమగా ముంచితే, ఎటువైపు తిరిగి తిట్టాలో తెలియదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద చూపించాను.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. మావయ్య దాన్ని కడిగాడని చెప్పాను. అతను నీరసంగా, “కౌన్‌సా పానీ?” అని అడిగాడు. మంచినీళ్ళే అన్నాను. అయితే బతికినా బతకొచ్చు, పూర్తిగా ఆరేదాకా మాత్రం కరెంటు చూపించకండి, లోపల ఒక్క చుక్క ఉన్నా దండ వేసుకోవడమే అన్నాడు. ఇంకో డబ్బా తెప్పించుకునే టైము లేదు. చెన్నై నుంచి మళ్ళీ ఓడ వచ్చేలోగా మా ఆయన ఓడ వచ్చేస్తుంది.

ఎండలో పెడదామంటే ఆకాశం అప్పటికే మూసుకుపోతోంది. ఉక్కపోత మొదలైంది. గోడకి కొట్టిన మేకు కూడా చెమట పట్టే రోజులవి. జుట్టు ఆరబెట్టుకునే మిషను పెడదామంటే కరెంటు పోయింది. అప్పుడు మావయ్య, తప్పు తనది కాదన్న మొహంతోనే, పక్కింటివాళ్ళ కొబ్బరి పాక గుర్తు చేశాడు. వాళ్ళు కొబ్బరి చిప్పల్ని తడిక మీద పరిచి, కింద కొబ్బరి డొక్కలతో నెమ్మదిగా సెగపెట్టి ఎండబెడతారు. చుట్టుపక్కల పదిళ్ళలో పూర్తిగా పొడిగా ఉండే చోటు అదొక్కటే. డబ్బాకి పట్టిన నూనె తుడిచి, సాకెట్‌లో గ్రీజుని పాత టూత్‌బ్రష్‌తో, స్పిరిట్‌తో, నోటికొచ్చిన మాటలతో తవ్వి తీసి, గుడ్డలో చుట్టి, మంట తగలని మూల పై తడిక మీద పెట్టాం. మేం బయటికొస్తుంటే పక్కింటావిడ, అది కూడా నూనె ఆడిస్తారా అంది.

రెండు రోజులు అది కొబ్బరి చిప్పల పక్కన పడుకుంది. ఆ రెండు రోజులూ నేను మావయ్యతో సరిగా మాట్లాడలేదు. ఆయన నాకంటే ఎక్కువసార్లు వెళ్ళి చూసొచ్చాడు. ఒకసారి తిరగేశానని చెప్పాడు, చేపనైనా ఒక పక్కే ఎండబెట్టకూడదట. నేను ఆఫీసులో కూర్చుని ఫైళ్ళ కింద ఫోన్ పెట్టుకుని వీడియోలు చూశాను. ఆ వీడియోల్లో పనిచేసేవాడికి ఆసుపత్రంత శుభ్రమైన షెడ్డుంటుంది, చేతికి నీలం తొడుగులుంటాయి, ఏ స్క్రూ అయినా అడగ్గానే వచ్చేస్తుంది. ఇది చాలా ఈజీ ఫ్రెండ్స్ అంటాడు. అతని ఇంట్లో ఎవరూ డబ్బాని కడగరు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. నక్షత్రం ఆకారపు తలలున్న స్క్రూలు విప్పే సాధనాన్ని డెలానీపూర్‌లో ఏసీలు బాగుచేసే అతని దగ్గర అడిగి తెచ్చుకున్నాను. కారు చింతచెట్టు నీడలో పెట్టి, బానెట్ ఎత్తి, ముందు బ్యాటరీ తీగ విప్పాను. మావయ్య టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను పిలవలేదు, ఆయన వెళ్ళనూ లేదు. పాత డబ్బా ఇంజను వెనక గోడకి ఆనుకుని, ఎవరికీ చెయ్యి అందకూడదని ప్రతిజ్ఞ చేసినవాళ్ళు పెట్టినట్టు ఉంది. గాలి ఫిల్టరు పెట్టె మొత్తం తీసేస్తేగానీ కనబడలేదు. పెద్ద సాకెట్‌కి ఒక తాళపు పట్టీ ఉంది, దాన్ని ఎత్తితే సాకెట్ దానంతట అది ఊడొస్తుందని వీడియోవాడు చెప్పాడు. మాది రాలేదు. మావయ్య దానికి పట్టిన ఉప్పు పొక్కుల మీద టార్చి వేసి, కడగనందుకే అన్నట్టు నా వైపు చూశాడు. స్పిరిట్ పోసి, ఊపి ఊపి లాగితే చివరికి ఊడొచ్చింది.

పై స్క్రూలు వచ్చేశాయి. కింది స్క్రూ ఒకటి కంటికి కనబడదు, వేళ్ళతో వెతుక్కోవాలి. గాజులు తీసి, మోచెయ్యి దాకా లోపలికి పెట్టి, చెంప బానెట్ రాడ్డుకి ఆనించి, గుడ్డిగా తిప్పాను. వచ్చింది. వచ్చి, వేళ్ళలోంచి జారి, ఇంజను లోపల టిక్కు, టిక్కు, టిక్కు అని మెట్లు దిగినట్టు దిగి ఎక్కడో ఆగింది. కిందికి మాత్రం రాలేదు. కారు కింద పడుకుని చూశాను. పైనుంచి చూశాను. అలాంటి స్క్రూ మా దీవి మొత్తంలో ఇంకోటి లేదని నాకు తెలుసు. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఈ ఒక్క స్క్రూకి నా బండి పోతుంది, రేపటి నుంచి నా వీపులో మళ్ళీ ఎవరిదో టిఫిన్ డబ్బా అనుకుంటూ మడ్‌గార్డు మీద తలపెట్టుకున్నాను.

మావయ్య టార్చి నా చేతికిచ్చి ఇంట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో గేలపు దారం ఉంది, దాని చివర పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ముక్క. ఆయన ఇంజను మీదికి వంగి, దారాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, సందుల్లోకి మెల్లగా వదిలాడు. లేవని భుజం ఎలాగో లేచింది. ఊపిరి బిగబట్టి కొంచెం లాగి, కొంచెం వదిలి, తల పక్కకి వంచి దారంతో ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. నన్ను టార్చి ఆపేయమన్నాడు. వెలుగుకి స్క్రూ బెదురుతుందా మావయ్యా అన్నాను. ఆయన నవ్వలేదు, వేటలో మాట్లాడకూడదన్నాడు. ముందు ఒక వాషరు వచ్చింది, అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. తర్వాత తుప్పు పట్టిన పిన్నీసు. ఆ తర్వాత దారం ఆగింది. వేళ్ళకి బరువు తెలిసిందేమో, ఆయన మొహం మారిపోయింది. పైకి తీస్తే అయస్కాంతానికి నా స్క్రూ అడ్డంగా అంటుకుని ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, సైజు చిన్నదని వదిలేద్దామా అని అడిగాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. మా మధ్య మౌనవ్రతం అక్కడితో ముగిసింది.

పంపు మొహం తుడిచి, కొబ్బరి పొగ వాసన వేస్తున్న కొత్త మెదడుని దాని మీద తిన్నగా ఆనించి, స్క్రూలని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. సాకెట్ పెట్టి పట్టీ దించాను. బ్యాటరీ తీగ కలిపాను. తాళం తిప్పేముందు మావయ్య చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు, నా రెండు చేతులూ స్టీరింగుని వదల్లేదు. తిప్పాను. అన్ని లైట్లూ వెలిగాయి. అన్నీ ఆరిపోయాయి. పసుపుది మాత్రం ఉండిపోయింది. కాసేపు నడిపి చూడమని మెకానిక్ ఫోన్లో చెప్పింది గుర్తొచ్చి, బండిని నెమ్మదిగా గేటు దాటించాను. పది గజాలు పోయేసరికి ముందు నుంచి గుర్‌ర్ మని చిన్న చప్పుడు వచ్చింది, ఎవరో గొంతు సవరించుకున్నట్టు. లైటు ఆరింది. నేను రోడ్డు మధ్యలో బండి ఆపి మావయ్యా అని కేక పెట్టాను. ఆయన లుంగీ ఎగగట్టి పరుగెత్తుకొచ్చి, లోపలికి తొంగిచూసి, “మంచినీల్లతో కడిగితే ఎందుకు పన్చెయ్యదు?” అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఎవరికి చెప్పినా అదే చెబుతాడు. నేను కాదనను.

మా ఆయన ఓడ వచ్చిన రోజునే వాన కూడా వచ్చింది. ఆ ఏడాది మొదటి పెద్ద వాన. జెట్టీ నుంచి ఆయన్ని నేనే ఎక్కించుకున్నాను, మావయ్య ఫలితం చూడాలని పొద్దుటి నుంచే వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. మా ఆయన ఎక్కగానే డాష్‌బోర్డు మీద వేలితో తడిమి చూశాడు. ఏ బొట్టూ లేదు, ఏ లైటూ లేదు. మా ఊరి దిగుడు దగ్గరికి వచ్చాక అద్దంలో వెనక చూసుకున్నాను, ఎవరూ లేరు. ముందు కూడా ఎవరూ లేరు, ఆవు కూడా. నీళ్ళు రోడ్డు మీద వాగులా దిగుతున్నాయి. గట్టిగా పట్టుకోండి అని, కావాలని, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను.

పెడలు నా పాదం కింద దడదడ కొట్టుకుంది, కారు కింద ఎవరో రాళ్ళు దొర్లించినట్టు చప్పుడైంది. చక్రాలు బిగుసుకోలేదు. స్టీరింగ్ కొంచెం తిప్పాను, బండి విన్నది. తిన్నగా వెళ్ళి తిన్నగా ఆగింది. వెనక నుంచి మావయ్య శభాష్ అన్నాడు. నేను గెలిచిన మొహం పెట్టుకుని మా ఆయన వైపు తిరిగాను. చెప్పాల్సిన మాటలు వరసగా సిద్ధం చేసుకుని ఉన్నాను, అందులో ఓడల గురించి కూడా కొన్ని ఉన్నాయి.

ఆయన రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి వదిలి, ఫోన్ తీసి, ఆస్టినాబాద్ తమ్ముడికి చేశాడు. కారు అమ్మట్లేదని చెప్పాడు. అటు నుంచి ఏదో అడిగినట్టున్నాడు, దానికి మా ఆయన, అది నాది కాదు, మీ వదినది అన్నాడు. అంతే మాట్లాడి పెట్టేశాడు.

నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకునే మనిషినైతే ఇదంతా జరిగేదే కాదు. ఒక్క లైటు కోసం నా బండి అమ్మడానికి ఎందుకంత పట్టుబట్టావ్, బస్సులో నేను నలిగిపోతే నీకేమైనా ఇనామిస్తారా అన్నాను. ఆయన అద్దం మీద వాన వైపు చూస్తూ చెప్పాడు.

“ఓడ జెట్టీ దాటేసినాక సిగ్నల్ ఉండదు గదే. నీకేటైనా అయితే నాకు మాలూమ్ అయ్యేది మల్లీ దిగినాకే. ఆ ఆవు కాడ నువ్వు జారిన్నాటి నుంచి, చుక్కాని పట్టుకున్నా నాకు ఈ మలుపే కనబడతాది.”

“ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా.”

“చెప్తే నవ్వేత్తావని చెప్పలేదు.”

వెనక సీట్లో మావయ్య కిటికీ వైపు తిరిగాడు. నిజమే, నవ్వేదాన్ని. ఓడ నడిపేవాడికి రోడ్డంటే భయమా అని ఆఫీసులో చెప్పి మరీ నవ్వించేదాన్ని. ఆ మనిషి నికోబార్ దాకా వెళ్ళి రావడం మొత్తం ఆ భయాన్ని ఒక్కడే మోసి, దాన్ని నాకు కోపంలా చూపించడమే మేలనుకున్నాడు. నాకు ఆయన మీద జాలి వేసింది, ఇష్టం కలిగింది, నా మీద నాకు సిగ్గేసింది, ఇవన్నీ ఒకేసారి.

గేరు వేశాను. ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. ఇంటికి చేరేదాకా రెండో గేరు దాటలేదు, వెనక బస్సువాడు హారన్ కొట్టి కొట్టి మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళనిచ్చాను.